ఆరో ట్యాంకు మెట్ల దగ్గర ఆకుపచ్చ చుక్క

మధ్యాహ్నం ఒకటీ ఇరవైకి డిపో ఆఫీసు గదిలో ఆమె నా ఎదురుగా కూర్చుంది. నేనింకా పెన్ను మూత కూడా తియ్యలేదు.

“ఆయన చావుకి నేనే కారణం. రాసుకోండి,” అంది.

పదమూడేళ్లుగా ఈ డిటెక్టివ్ పని చేస్తున్నాను. తప్పు చేసినవాళ్లు ఇంత తొందరగా ఒప్పుకోరు. అడగకుండా ఒప్పుకునేవాళ్లలో సగం మంది ఏ తప్పూ చేసి ఉండరు. పెన్ను పక్కన పెట్టేసి, ముందు ఆ రోజు ఏం జరిగిందో గంటా నిమిషాలతో చెప్పమన్నాను.

అది ఓడల్లో వచ్చిన ముడిచమురును నిలవచేసే డిపో. పదకొండు ట్యాంకులు. ఆమె భర్త గేజరు; అంటే రోజూ ట్యాంకుల మీదికెక్కి, మూత తీసి, లోపలికి టేపు దించి చమురు ఎంత ఉందో కొలిచే మనిషి. ఆమె అదే డిపోలో కంట్రోల్ రూమ్ ఉద్యోగిని. ఆరు రోజుల కిందట, ఉదయం తొమ్మిదీ యాభై ఎనిమిదికి, ఆరో ట్యాంకు పైకప్పు మీద ఆయన చనిపోయి కనిపించాడని కంపెనీ రిపోర్టు. చమురులోంచి లేచే విషవాయువు పీల్చి పోయాడని డాక్టరు తేల్చాడు. దాని వాసన మొదట కుళ్లిన గుడ్డులా ఉంటుంది. మోతాదు పెరిగితే ముక్కే పనిచెయ్యదు. వాసన పోయింది కదా అనుకునేలోపు మనిషి పోతాడు.

అందుకే అక్కడ పనిచేసే ప్రతివాళ్లూ గుండె మీద అగ్గిపెట్టెకి రెండింతలుండే మీటరు తగిలించుకుంటారు. వాయువు తగిలితే అది కూస్తుంది, వణుకుతుంది, కంట్రోల్ రూమ్‌కి కబురు పంపుతుంది. మనిషి రెండు నిమిషాలు కదలకపోయినా చెబుతుంది. ఎవరెక్కడున్నారో తెర మీద ఆకుపచ్చ చుక్కలుగా కనిపిస్తారు. ప్రమాదమైతే ఆ చుక్క ఎర్రబడాలి. ఆయన మీటరు మాత్రం పైన ఆయన ఒంటి మీద దొరకలేదు. కింద, మెట్ల మొదట్లో ఉన్న రెయిలింగుకి క్లిప్పుతో తగిలించి ఉందని రిపోర్టు. ఆయనే తీసి పెట్టి ఎక్కాడు, నిర్లక్ష్యం ఆయనదే అని కంపెనీ ఫైలు మూసేసింది.

నన్ను పెట్టుకున్నది పోయినాయన అక్క. కోర్టు చుట్టూ తిరిగి నాకు ఒక్క రోజు అనుమతి సంపాదించింది, సాయంత్రం ఐదింటి దాకా. ఆవిడ అనుమానం కంపెనీ మీద కాదు, మరదలి మీద. “మొగుడూ పెళ్లాలకి పదకొండు నెలలుగా మాటల్లేవు. నా తమ్ముడు పిట్టలా రాలిపోతుంటే అది తెర మీద చూస్తూ కూర్చుంది,” అని నాకు మూడుసార్లు చెప్పింది.

ఆ మాట నేను మరదలితో అన్నాను. ఆమె కాదనలేదు.

పెళ్లయిన నాలుగేళ్లకి ఆమెకు కంట్రోల్ రూమ్‌కి బదిలీ అయింది. అప్పటి నుంచీ ఆయన చుక్క కాస్త ఆగితే చాలు, మైకులో పిలిచేది. ఎందుకాగావు, నీళ్లు తాగావా, ఆ పక్కకెందుకు వెళ్లావు. తోటివాళ్లు నవ్వేవాళ్లు. ఇంటికొచ్చాక కూడా అవే ప్రశ్నలు. ఒకరోజు ఆయన, ఇంట్లోనూ నువ్వే, పనిలోనూ నువ్వే, నా ఊపిరి కూడా నీకు లెక్క చెప్పాలా, అన్నాడట. మాటా మాటా పెరిగింది. ఆమె సంచీ సర్దుకుని వేరే గదికి మారిపోయింది. వెళ్లేముందు ఆయన ఒక్కటే అడిగాడట, ఇక మైకులో పిలవద్దని. ఆమె పిలవలేదు.

“అందుకే మీటరు తీసేశాడు. నేను చూడకూడదని,” అంది.

కంపెనీ నాకిచ్చిన కాగితాల్లో పదకొండు నెలల చుక్కల రికార్డుంది. అందులో ఒక పేజీ ఆమె ముందు పెట్టాను. రోజూ పదకొండూ పదికి ఆయన చుక్క కంట్రోల్ రూమ్ గోడ పక్కకి వచ్చి ఐదు నిమిషాలు నిలబడింది. టీ దొరికే గది డిపోకి ఆ చివరుంది. ఇంత దూరం ఎందుకొచ్చేవాడని అడిగాను.

ఆమె ఆ పేజీని దగ్గరికి లాక్కుంది.

“కిటికీ కింద నిలబడి టీ తాగేవాడు. పైకి చూసేవాడు కాదు.”

“మీరు కిందికి చూసేవారా?”

“లేదు. కిటికీ దగ్గరికెళ్తే వెళ్లిపోతాడేమోనని భయం. తెర మీదే చూసేదాన్ని. చుక్కకీ నాకూ మధ్య ఒక గోడే కదా అనుకునేదాన్ని.”

అప్పుడు నాకు ఒక్క సంగతి ఖాయమైంది. ఈమె కంట పడకూడదని మీటరు తీసేసే మనిషి, రోజూ ఆ మీటరుతోనే ఈమె కిటికీ కిందికి రాడు.

ఆ రోజు గంటలు ఆమె తడుముకోకుండా చెప్పింది. తొమ్మిదీ ఇరవై ఒకటికి చుక్క ఆరో ట్యాంకు మెట్ల దగ్గరికి వచ్చింది. అక్కడే ఉండిపోయింది. మెట్ల మీద కూర్చున్నాడేమో, ఒంట్లో బాగాలేదేమో అనుకుంది. తొమ్మిదిన్నర దాటాక మైకు బటన్ మీద వేలు పెట్టింది. పిలవద్దన్న మాట గుర్తొచ్చి తీసేసింది. చుక్క ఆకుపచ్చగానే ఉంది. తొమ్మిదీ యాభై ఎనిమిది దాకా ఆమె చూపు దాని మీదే ఉంది.

రెండింటికి నేను ఆరో ట్యాంకు దగ్గరికి వెళ్లాను. పైన మూత బిగించి ఉంది కాబట్టి ఎక్కవచ్చన్నారు. ట్యాంకు చుట్టూ మెలితిరిగిన ఇనుప మెట్లు డెబ్బై రెండు, ఎత్తు పద్నాలుగు మీటర్లు. మామూలు నడకన ఎక్కితే నాకు మూడు నిమిషాలు పట్టింది. పైన ఆయన పడిన చోట సున్నంతో గీత గీసి ఉంది. మూతకీ దానికీ మధ్య ఐదడుగులు. గీతలో తల మెట్ల వైపుంది. అంటే దిగడానికి బయలుదేరాడు.

కిందికి దిగేసరికి సేఫ్టీ హెడ్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఇద్దరం ఒకే వర్క్‌షాపులో ఇలాంటి మీటర్లు విప్పి బిగించినవాళ్లం. నేను ఆ పని మానేసి ఇటు వచ్చాను, అతను పదవుల మెట్లెక్కి అటు వెళ్లాడు. డిపో గేటు మీద ‘ప్రమాదం లేని రోజులు: 993’ అని బోర్డుంది. గేజరు చావు సొంత నిర్లక్ష్యం కింద రాశారు కాబట్టి ఆ అంకె సున్నాకి పడలేదు. వెయ్యో రోజు పండగ చేస్తారని, తనకి పెద్దాఫీసులో కుర్చీ ఖాయమని గేటు దగ్గరే విన్నాను.

ఆరు రోజుల కిందట మూసేసిన ఫైలుకి ఇంత ఎండలో చెమటోడ్చడం దేనికని అతను నవ్వాడు. నేను గేటు దగ్గర నాకు తగిలించిన మీటరు తీసి రెయిలింగుకి పెట్టబోయాను. క్లిప్పు చొక్కా అంచు పట్టుకునేది. ఎంత తెరిచినా చిటికెన వేలు దూరేంతే. రెయిలింగు గొట్టం నా మణికట్టంత లావుంది.

“పట్టడం లేదే,” అన్నాను.

“తాడుతో కట్టి ఉంటాడు.”

“క్లిప్పుతో అని మీ రిపోర్టు. సంతకం మీదే.”

“రాసేటప్పుడు ఒక మాట అటూ ఇటూ అవుతుంది మేడం. మీటరు కింద దొరికింది, అంతే.”

“సరే. రెండు నిమిషాలు కదలకపోతే మీటరు కబురు పంపాలి. ముప్పై ఏడు నిమిషాలు పంపలేదేం?”

అతను తడబడలేదు. గాలికి ఊగుతూ ఉంది కాబట్టి కదులుతున్నట్టే లెక్క అన్నాడు. తెలివైన జవాబే. అయితే ఆ మీటరు ఇవ్వండి, లోపల ఎత్తు కొలిచే బిళ్ల ఉంటుంది, పైకెక్కిందో లేదో అదే చెబుతుందన్నాను. మనిషి పడిపోతే తెలియడానికి ఆ బిళ్ల పెడతారు. తెర మీద కనిపించదు కానీ మీటరు గుర్తుపెట్టుకుంటుంది.

అతని నవ్వు అప్పుడు పోయింది. మీటరు సీలు వేసి తన బీరువాలో ఉందనీ, నా కాగితంలో బీరువా తెరవమని రాయలేదనీ అన్నాడు. నిజమే, రాయలేదు. ఐదింటికి గేటు బయట ఉండాలని గుర్తుచేసి వెళ్లిపోయాడు. గుమ్మడికాయల దొంగ అనకుండానే భుజాలు తడుముకున్నాడు. కానీ భుజాలు తడుముకోవడం కోర్టులో సాక్ష్యం కాదు.

అప్పుడు పాత పని గుర్తొచ్చింది. ఏ మీటరైనా షిఫ్టయ్యాక స్టోరులో చార్జింగ్ పెట్టెలో పెడతారు. పెట్టిన మరుక్షణం పెట్టె దాని జ్ఞాపకమంతా తనలోకి తీసుకుంటుంది. సీలు వేసేముందు ఎవరైనా అలవాటు కొద్దీ ఆ మీటరును పెట్టెలో పెట్టి ఉంటే చాలు. స్టోరు తెరిచి చూడడానికి నాకు అనుమతి ఉంది.

రెండూ నలభైకి స్టోరులో ఉన్నాను. ఆమెను కూడా రమ్మన్నాను. ఆ పెట్టె తెరవడానికి కంట్రోల్ రూమ్ వాళ్ల కోడు కావాలి. ఆమెను విధుల్లోంచి తప్పించారు కానీ కోడు తీసెయ్యడం మరిచిపోయారు. తెరిచాం. ఆయన మీటరు ఆ రోజు పదీ ముప్పై ఒకటికి పెట్టెలో పెట్టారు. ఐదు నిమిషాలే ఉంది. అది చాలు.

వరసలు ఒక్కొక్కటే చదివాను. తొమ్మిదీ ఇరవై ఒకటికి ఎత్తు సున్నా. ఇరవై నాలుగుకి పద్నాలుగు మీటర్లు.

“ఎక్కింది. మీటరు ఆయన ఒంటి మీదే ఉంది,” అన్నాను.

ఆమె తెర దగ్గరికి జరిగింది. నా కోసం ఆగకండి, చదవండి అంది.

తొమ్మిదీ ముప్పై ఒకటికి వాయువు అంకె ఒక్కసారిగా లేచి మీటరు కొలవగలిగిన చివరి గీతను తాకింది. ముప్పై ఆరుకి గాలి దాన్ని చెదరగొట్టేసింది, అంకె మళ్లీ పడిపోయింది. ప్రమాద కబురు పంపినట్టు, అది కంట్రోల్ రూమ్ కంప్యూటరుకి అందినట్టు కూడా గుర్తులున్నాయి. మరి తెర ఎందుకు ఎర్రబడలేదు? ఆ ప్రశ్నకి జవాబు పక్క గడిలోనే ఉంది. ‘ఆరో ట్యాంకు: టెస్ట్ మోడ్. పెట్టిన సమయం ఎనిమిదీ యాభై. పెట్టినవారు: సేఫ్టీ హెడ్.’

టెస్ట్ మోడ్ అంటే మీటర్లను పరీక్షించేటప్పుడు గోల లేకుండా పెట్టే ఏర్పాటు. అందులో మీటరు కూయదు, వణకదు. కబురు లోపల నమోదవుతుంది కానీ తెర మీదికి రాదు. తెర ఆ మనిషిని చివరిసారి బాగున్న చోటే చూపిస్తూ ఉంటుంది. ముందు వారం కొత్త ఓడ చమురు పోసేటప్పుడు ఆరో ట్యాంకు నుంచి పదకొండుసార్లు కబుర్లు వచ్చాయని ఆమె చెప్పింది. ఒక్కోదానికీ పని ఆపి, రాతపని చేసి, పైవాళ్లకి చెప్పుకోవాలి. వెయ్యో రోజు దగ్గరపడుతోంది. సేఫ్టీ హెడ్ రోగానికి మందు వెయ్యలేదు, రోగి నోరు నొక్కాడు.

కింద ఇంకో వరస ఉంది. తొమ్మిదీ ముప్పై రెండుకి మాట్లాడే బటన్ నొక్కాడు. టెస్ట్ మోడ్ వల్ల మాట బయటికి వెళ్లలేదు. పదకొండు సెకన్ల గొంతు మీటరులోనే ఉండిపోయింది.

వినాలా వద్దా అని ఆమెనే అడిగాను. ఆమె చెయ్యి చాపి తనే నొక్కింది.

మొదట దగ్గు. తర్వాత గాలి శబ్దం. తర్వాత ఆయన గొంతు, అలిసిపోయినట్టు, కానీ కంగారు లేకుండా.

“వాసనొచ్చి పోయింది... దిగుతున్నా. కాళ్లు రావట్లేదు. ముసుగు లేకుండా ఎవర్నీ పంపకు. నువ్వు చూస్తున్నావుగా... ఫరవాలేదు.”

పదకొండు నెలల తర్వాత ఆయన ఆమెతో మాట్లాడిన మొదటి మాటలవి. ఆమె రెండోసారి నొక్కలేదు. చెయ్యి పెట్టె మీదే ఉంచి, “పిలవచ్చు కదా అనుకున్నాడేమో,” అంది నెమ్మదిగా. “నేను పిలుస్తానేమోనని చూశాడేమో.” ఆ పెట్టెలోని వరసలన్నీ ఫోనులో ఫోటోలు తీశాను, గొంతు కూడా ఎక్కించుకున్నాను.

అప్పుడే చివరి వరసలు చూశాను. తొమ్మిదీ నలభై ఆరుకి ఎత్తు తగ్గడం మొదలైంది. నలభై ఎనిమిదికి సున్నా. శవాన్ని కనుక్కున్నది యాభై ఎనిమిదికి అని రిపోర్టు. అంతకు పది నిమిషాల ముందే ఎవరో ఆయన గుండె మీంచి మీటరు తీసి, రెండు నిమిషాల్లో మెట్లు దిగారు. అంత వేగంగా ఆ మెట్లు దిగగలిగేది డిపోలో ఒక్కడేనని ఆమె అంది. ఆయన తర్వాతి గేజరు, అందరూ ‘పిచ్చుక’ అని పిలిచేవాడు. శవాన్ని చూసింది కూడా అతనేనని రిపోర్టులో ఉంది.

అతనిప్పుడు ఎక్కడుంటాడని అడిగాను. మూడింటి కొలతకి ట్యాంకుల మీద ఉంటాడంది. అంటూనే ఆమె ముఖం మారింది. పెట్టె తెర మీద ఇవాళ్టి వరసకి వెళ్లింది. ఆరో ట్యాంకు ఇంకా టెస్ట్ మోడ్‌లోనే ఉంది. తియ్యకపోవడానికి కారణం నాకు అర్థమైంది. తీస్తే తీసిన సమయం రికార్డులో పడుతుంది, ముందు ఎవరు పెట్టారని అడుగుతారు. అందుకే ఆరు రోజులుగా ముట్టుకోలేదు.

“రెండున్నర నుంచి ఆరో ట్యాంకులోకి ఓడ చమురు పోస్తున్నారు,” అంది. నేను దిగి వచ్చిన కాసేపటికే పంపు తిప్పారన్నమాట.

స్టోరు కిటికీలోంచి ఆరో ట్యాంకు మెట్లు కనిపిస్తాయి. చేతిలో టేపుతో ఒక మనిషి చివరి మలుపు తిరుగుతున్నాడు. కంట్రోల్ రూమ్ తెర మీద అతని చుక్క ఆకుపచ్చగా మెట్ల మొదట్లో ఉండి ఉంటుంది.

ఆమె ఫోను కోసం వెతకలేదు. తలుపు పక్కనున్న ఎర్ర పెట్టె గాజు మోచేత్తో పగలగొట్టి సైరన్ నొక్కింది. గోడ బీరువాలోంచి గాలి సిలిండరు, ముసుగు తీసి వీపున వేసుకుంది. కంట్రోల్ రూమ్‌కి రాకముందు ఆమె ఐదేళ్లు ట్యాంకుల మీద పనిచేసిందని నాకు తర్వాత తెలిసింది. నేను వెనకాల పరుగెత్తాను. మెట్ల మొదట్లో ఆమె నా భుజం పట్టి ఆపి, ముసుగు లేనివాళ్లు ఇక్కడి నుంచి ఒక్క మెట్టు కూడా ఎక్కకూడదంది. గాలి వీచే వైపుకి నన్ను తోసి పైకి వెళ్లింది.

సైరన్ విని పిచ్చుక మూత దగ్గర్నుంచి వెనక్కి తిరిగాడు కానీ అప్పటికే మూత తీసేశాడు. నాలుగడుగులు వేసి రెయిలింగు పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆమె పైకి చేరేసరికి మూడూ నాలుగు. సిలిండరుకి ఉన్న రెండో ముసుగు అతని ముఖానికి తగిలించి, చంకల కింద చేతులు వేసి, ఒక్కో మెట్టూ కూర్చోబెడుతూ దించింది. మూడూ పదకొండుకి కిందికొచ్చారు. అప్పటికి డిపో మొత్తం అక్కడ ఉంది, సేఫ్టీ హెడ్ కూడా.

సైరన్ నొక్కిందెవరని అతను అడిగాడు. నేనేనంది ఆమె. విధుల్లో లేని మనిషికి ఆ అధికారం ఎవరిచ్చారన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు. పిచ్చుక తల ఒళ్లో పెట్టుకుని ఊపిరి లెక్కపెడుతోంది. నేను ఫోను తీసి టెస్ట్ మోడ్ వరస అందరికీ వినపడేలా చదివాను. అతను నీళ్లు నమిలాడు.

కాసేపటికి పిచ్చుక ముసుగు పక్కకి లాగి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“అమ్మా, నేను చూసింది యాభై ఎనిమిదికి కాదు. నలభై నాలుగుకి.”

“తెలుసు,” అంది ఆమె. “మీటరు నువ్వే దించావు.”

“ఆయనే దించమన్నారు.” అతను సేఫ్టీ హెడ్ వైపు చూడకుండా చూపించాడు. “ఫోను చేస్తే, ముందు మీటరు తీసుకుని కిందికి రా, తర్వాత అంబులెన్సు సంగతి నేను చూస్తానన్నారు. అప్పటికి... అప్పటికింకా ఊపిరుందమ్మా. కళ్లు తెరిచే ఉన్నాయి. నేను ఆ మాట కూడా చెప్పాను ఫోనులో.”

వాడు మత్తులో ఏదో వాగుతున్నాడని సేఫ్టీ హెడ్ అన్నాడు. అంటూనే రెండడుగులు వెనక్కి వేశాడు. వెనక నిలబడ్డ పంపు మనుషులు దారివ్వలేదు.

నలభై నాలుగు నుంచి యాభై ఎనిమిది. నేను లెక్కవేస్తున్నానని ఆమెకు తెలిసింది, తల ఊపింది. తర్వాత పిచ్చుకను ఒక్కటే అడిగింది.

“ఆ పద్నాలుగు నిమిషాలూ ఆయన దగ్గర ఎవరున్నారు?”

“రెండు నిమిషాలు నేనున్నానమ్మా. తర్వాత ఎవరూ లేరు.”

ఆమె అతని ముఖానికి ముసుగు మళ్లీ సరిగ్గా పెట్టింది. దూరంగా అంబులెన్సు వస్తున్న చప్పుడు వినిపించింది. నా వైపు చెయ్యి చాపి ఫోను అడిగింది. పోలీసులకి నేను చేస్తానన్నాను. పోలీసులకి కాదంది. వాళ్లకి చెప్పడానికి మీరున్నారు, మా వదినకి మాత్రం నేనే చెప్పాలి అంది.

నెంబరు కలిపి ఇచ్చాను. అవతల ఎత్తారు.

“వదినా,” అంది, “మీరన్నది నిజమే. నేను చూస్తూనే కూర్చున్నాను. కానీ నాకు చూపించింది ఆయన్ని కాదు.”